పప్పుకు నూనె చాలు... గోదాముకు చాలదు

వానాకాలం మొదలైందంటే సంక్షేమ వసతి గృహాల అన్నంలో పురుగులు వచ్చాయన్న వార్త ఏదో ఒక జిల్లా నుంచి వినపడుతుంది. విద్యార్థులు కంచాలు పట్టుకుని రోడ్డెక్కుతారు. వార్డెన్‌కు తాఖీదు అందుతుంది, వంటమనిషిని మారుస్తారు, పాత బస్తాలు వెనక్కి పోయి కొత్తవి వస్తాయి. మరుసటి ఏడాది ఇంకో ఊళ్లో అదే వార్త. ఇళ్లలోనూ ఇదే బెడద. బియ్యం తుట్టె కడుతుంది, మినుములు పుచ్చిపోతాయి, ఉప్మా రవ్వలో ఎర్ర పురుగు తిరుగుతుంది. దీనికి ఇప్పుడు రెండు జవాబులు గట్టిగా వినిపిస్తున్నాయి. విషపు గోళీలే గతి అన్నది ఒకటి. మన పెద్దల పద్ధతిలో వేప, ఆముదం, వస వంటివి వాడితే రసాయనాల అవసరమే ఉండదన్నది రెండోది. మొక్కల నూనెలు పనిచేస్తాయన్నది ప్రయోగాల్లో రుజువైన విషయం. అయితే అవి ఏ గింజ మీద, ఏ పురుగు మీద, ఎంత నిల్వ మీద పనిచేస్తాయో తేల్చుకోకుండా విధానాలు రాస్తే వంటమనిషి మారతాడు తప్ప పురుగు పోదు.

నష్టం ఎంతో ముందు చూడాలి. లూథియానాలోని కేంద్ర కోతానంతర ఇంజినీరింగ్, సాంకేతిక పరిశోధన సంస్థ 2015లో వెల్లడించిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం కోత నుంచి నిల్వ దాకా తృణధాన్యాల్లో 4.65 నుంచి 5.99 శాతం, పప్పుధాన్యాల్లో 6.36 నుంచి 8.41 శాతం చేతికి రాకుండా పోతోంది. ఇందులో కోత, నూర్పిడి, రవాణా నష్టాలూ కలిసి ఉన్నాయి. అంతా పురుగు ఖాతాలో వేయకూడదు. కానీ పప్పుధాన్యాల్లో వాటా ఎక్కువగా ఉండటానికి నిల్వలో పడే పుచ్చు ఒక ముఖ్య కారణం. తూకంలో కనిపించని నష్టమూ ఉంది. పుచ్చిన విత్తనం మొలవదు, పురుగు విసర్జనతో పిండికి వాసన పడుతుంది, పిల్లవాడు ఆ అన్నం వదిలేసి లేచిపోతాడు.

గుడ్డు ఎక్కడ పెడుతుందన్నదే కీలకం

పుచ్చు పురుగు సోకిన మినుములను అరచేతిలో పోసుకుని వెలుతురులో చూస్తే నల్లటి పొట్టు మీద తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ ఆవగింజ కన్నా చిన్నది, గోటితో గీరితే గాని ఊడనంత గట్టిగా అంటుకుని ఉంటుంది. అవి గుడ్లు. తల్లి పురుగు వాటిని గింజ పైపొట్టుకే అంటిస్తుంది; తన పది పన్నెండు రోజుల జీవితంలో వంద దాకా పెట్టగలదు. గుడ్డులోని పిల్ల బయటికి రాదు. అడుగు భాగం నుంచే పొట్టును తొలుచుకుని గింజలోకి దిగుతుంది. లోపలే తిని, లోపలే కోశస్థ దశకు చేరి, సుమారు నెల రోజులకు గుండ్రటి రంధ్రం చేసుకుని పెద్ద పురుగుగా బయటపడుతుంది. ఆ పెద్ద పురుగు నిల్వగింజను తినదు. దాని పని మళ్లీ గుడ్లు పెట్టడమే. కృష్ణా డెల్టాలో వరి మాగాణి మినుము మాఘ, ఫాల్గుణాల్లో ఇంటికి వస్తుంది, మళ్లీ విత్తడం కార్తీక, మార్గశిరాల్లో. మధ్యనున్న ఎనిమిది తొమ్మిది నెలల్లో ఈ పురుగుకు ఆరేడు తరాలు గడిచిపోతాయి. పొలం నుంచి కంటికి కనపడకుండా వచ్చిన నాలుగు పురుగులు బస్తా మొత్తాన్ని పిండి చేయడానికి ఆ గడువు చాలు.

నూనె పనిచేసేది ఈ బలహీనత మీదే. గింజ చుట్టూ పలుచని నూనె పొర ఉంటే గుడ్డు సరిగా అంటుకోదు. అంటుకున్నా దానికి గాలి ఆడదు. లోపలి పిల్ల పొట్టును తొలిచేలోపే చనిపోతుంది. కొలంబియాలోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ కేంద్రం చిక్కుడు గింజల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు 1978లో వెలువడ్డాయి. కిలో గింజలకు 5 మిల్లీలీటర్ల మామూలు వంటనూనె కలిపితే చాలునని అవి తేల్చాయి. ఆ తర్వాత వేరుసెనగ, వేప, కానుగ, ఆముదం, కొబ్బరి నూనెలతో మన దేశంలోనూ, పశ్చిమ ఆఫ్రికాలో అలసందల మీదా జరిగిన పరీక్షలు ఇదే దారిలో నడిచాయి. కందిపప్పుకు ఆముదం పట్టించి డబ్బాకెత్తే మన ఇల్లాళ్లకు ఇది కొత్త కాదు. వాళ్లు చేసే ఇంకో పనిలోనూ శాస్త్రం ఉంది: కందులను పప్పుగా బద్ద చేసి దాచడం. పొట్టు పోయి రెండు బద్దలైన గింజ మీద గుడ్లు పెట్టడానికి పుచ్చు పురుగు అంతగా ఇష్టపడదు. ఎర్రమట్టి, కచ్చిక బూడిద పట్టించడమూ అలాంటిదే. సన్నని ధూళి పురుగు ఒంటి మీది మైనపు పొరను చెరిపేస్తే లోపలి తడి ఆరిపోయి అది చస్తుంది. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ధాన్యానికి వాడే డయాటమ్ మట్టి పొడి పనిచేసేదీ ఇలాగే.

బియ్యం దగ్గరికి వచ్చేసరికి లెక్క తారుమారవుతుంది. ముక్కు పురుగు తన ముక్కుతో గింజకు చిన్న గుంత తవ్వి, అందులో గుడ్డు పెట్టి, పైన జిగురు బిరడా వేసేస్తుంది. గుడ్డు, పిల్ల, కోశస్థ దశ మూడూ గింజ లోపలే గడుస్తాయి. పైన ఎంత నూనె రాసినా అది ఆ బిరడా దాటదు. పొట్టు చీలని వడ్లు అయితే గింజకు అదే కవచం. మర పట్టించాక ఆ రక్షణ పోతుంది. ఏడాది తిండిని వడ్లుగా గాదెలో ఉంచి, కావలసినప్పుడల్లా కొంచెం కొంచెం మర పట్టించుకునే అలవాటు అందుకే అంత బాగా పనిచేసింది. వసతి గృహాల వార్తలకూ ఇక్కడే జవాబుంది. వంటగదిలో ఒక ముక్కు పురుగు కనపడిందంటే, దాని గుడ్డు పడి దాదాపు నెల గడిచిందని అర్థం. నెల లోపు వచ్చిన బస్తాలోంచి అది బయటపడితే, ఆ గుడ్డు మిల్లులోనో, గోదాములోనో, లారీలోనో పడి ఉంటుంది. తాఖీదు అందుకుంటున్నది మాత్రం వార్డెన్. నేను చూసినంతలో ఈ విచారణల్లో బియ్యం ఏ తేదీన మర ఆడారో, ఏ గోదాములో ఎన్నాళ్లు ఉన్నాయో అడిగినవి చాలా అరుదు.

పరిమాణం సంగతీ చూడాలి. కిలోకు 5 మిల్లీలీటర్ల లెక్కన 20 కిలోల మినుము విత్తనానికి 100 మిల్లీలీటర్లు సరిపోతాయి. ఏ రైతుకూ అది భారం కాదు. అదే లెక్కన టన్నుకు 5 లీటర్లు, కోటి టన్నులకు 5 కోట్ల లీటర్లు కావాలి. వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటున్న దేశానికి ఇది మాటల్లో తేలే విషయం కాదు. పైగా నూనె పట్టిన బియ్యం నెలలు గడిచేకొద్దీ మక్కు వాసన కొడుతుంది. వేపనూనె అయితే ఆ చేదును తినేవాళ్లు భరించలేరు. విత్తనానికి వేప, ఇంటి పప్పుకు ఆముదం సరిపోతాయి. ప్రజాపంపిణీ బియ్యానికి ఏ నూనే కుదరదు.

ఆవిరయ్యే నూనెలు, అమ్ముడవని ఫలితాలు

లవంగం, దాల్చినచెక్క, నీలగిరి, పుదీనా వంటి వాటి నుంచి తీసే సుగంధ తైలాలది వేరే దారి. ఇవి ఆవిరై గాలిలో కలిసి పురుగు శరీరంలోకి వెళ్తాయి. లవంగంలోని యూజినాల్, నీలగిరి తైలంలోని సినియోల్ వంటివి కీటకాల నాడీ వ్యవస్థను దెబ్బతీస్తాయి. సీసాలో పురుగులను ఉంచి ఒక చుక్క వేస్తే గంటల్లో చస్తాయి. దీన్ని చూపే పరిశోధన పత్రాలు వేలల్లో ఉన్నాయి, మన విశ్వవిద్యాలయాల నుంచి వచ్చినవీ తక్కువేం కాదు. కానీ వాటిలోంచి అంగట్లోకి వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ కీటక శాస్త్రవేత్త మర్రే ఇస్మన్ ఈ అంతరాన్ని ఏళ్ల తరబడి ఎత్తిచూపుతూ వచ్చారు. కారణాలు స్పష్టమే. ఖాళీ సీసాలో పనిచేసిన మోతాదు గింజలు నింపిన సీసాలో పనిచేయదు, ఎందుకంటే తైలపు ఆవిరిని గింజలే పీల్చుకుంటాయి. ఇజ్రాయెల్‌లో ఎలీ షాయా బృందం 1990లలో గోధుమలు నింపిన గొట్టాల్లో ఈ పరీక్ష చేసినప్పుడు తైలానికి కార్బన్ డయాక్సైడ్‌ను తోడు చేయాల్సి వచ్చింది. పైగా ఒకే మొక్క తైలంలో నేలను బట్టి, రుతువును బట్టి సారం మారిపోతుంది. ఒక ఏడాది పనిచేసింది మరో ఏడాది పనిచేస్తుందన్న హామీ లేదు. ఖాళీ సీసా ఫలితాలతో ఇంకో వంద పత్రాలు రావడం వల్ల రైతుకు ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. పరిశోధన నిధులు ఇచ్చే సంస్థలు కనీసం ఒక క్వింటాలు గింజల మీద, ఆరు నెలల పాటు, వానాకాలం కలిసి వచ్చేలా చేసిన పరీక్షను తప్పనిసరి చేయాలి.

మొక్క నుంచి వచ్చింది కాబట్టి హాని లేదన్న నమ్మకం మరీ ప్రమాదకరం. వస కొమ్ము పొడిని ధాన్యంలో కలపమని సలహాలు తరచూ వస్తుంటాయి. వసకు పురుగులను ఆపే గుణం ఉన్న మాట నిజమే. కానీ అందులోని బీటా-ఆసరోన్ ఎలుకల్లో కణితులు కలిగించినట్లు తేలడంతో అమెరికా 1968లోనే వసను ఆహారంలో వాడకుండా నిషేధించింది. మన దేశపు వసలో ఆ పదార్థం పాళ్లు ఎక్కువ. విత్తనానికి వాడితే వాడవచ్చు, తినే గింజకు కూడదు. ఇక బియ్యంలో బోరిక్ పౌడర్ కలిపే అలవాటు మన ఇళ్లలో ఎంతగా పాతుకుపోయిందో చెప్పనక్కర్లేదు. బస్తాకు ఒక పొట్లం కలిపి, వండేముందు నాలుగు నీళ్లు కడిగితే పోతుందని ధైర్యం. బోరిక్ ఆమ్లాన్ని ఐరోపా సంఘం సంతాన సామర్థ్యానికి హాని చేసే పదార్థాల జాబితాలో పెట్టింది. మన ఆహార భద్రతా నిబంధనలు దాన్ని తిండిలో అనుమతించవు. ఆముదం వాడండని చెప్పే ప్రతి ప్రచారంలోనూ బోరిక్ మానండన్న మాట కూడా అంతే గట్టిగా వినపడాలి.

గోళీ బలం తగ్గుతోంది

నూనెల మీద ఇంత ఆసక్తి పెరగడానికి అసలు కారణం గోళీల పరిస్థితి. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం కింద మిథైల్ బ్రోమైడ్ వాడకాన్ని సంపన్న దేశాలు 2005 నాటికి, వర్ధమాన దేశాలు 2015 నాటికి మానుకోవాల్సి వచ్చింది. ఎగుమతులు, క్వారంటైన్ అవసరాలకే మినహాయింపు మిగిలింది. దాంతో ప్రపంచ ధాన్య నిల్వల భారమంతా అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీల మీద, వాటి నుంచి వెలువడే ఫాస్ఫీన్ వాయువు మీద పడింది. ఒకే ఆయుధాన్ని అందరూ, అన్నిచోట్లా, దశాబ్దాలుగా వాడితే ఏమవుతుందో అదే అయింది. 1972-73లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ జరిపించిన సర్వేలోనే పదింట ఒక నమూనాలో పురుగులు ఫాస్ఫీన్‌ను తట్టుకున్నాయి. 1983లో బంగ్లాదేశ్ ఆహార గోదాముల నుంచి ఊదర విఫలమైన వార్తలు వచ్చాయి. కప్పిన పట్టాలు సరిగా మూయకపోవడం వల్ల వాయువు కారిపోయి, చావకుండా మిగిలిన పురుగులే మందును తట్టుకునే సంతతిని పెంచాయి. 2012లో క్వీన్స్‌లాండ్ శాస్త్రవేత్తలు ఆ నిరోధకతకు కారణమైన జన్యువును గుర్తించారు. 2015లో వెలువడిన మరో పరిశోధన, మన దేశపు నుసి పురుగులోనూ, ఎర్ర పిండి పురుగులోనూ ఆ జన్యువులో ఒకే రకమైన మార్పు వచ్చిందని చూపింది. రెండు వేర్వేరు జాతులు ఒకే దారి పట్టాయంటే, మనం వాటి మీద పెట్టిన ఒత్తిడి ఎంతటిదో తెలుస్తోంది.

పల్లెల్లో ఈ గోళీలు చేసే నష్టం ఇంకా బాధాకరం. చట్టం ప్రకారం అల్యూమినియం ఫాస్ఫైడ్‌ను ప్రభుత్వ సంస్థలకు, శిక్షణ పొందిన పురుగు నివారణ నిపుణులకే అమ్మాలి. పది, ఇరవై గోళీల చిన్న గొట్టాలను 2001లోనే పూర్తిగా నిషేధించారు. అయినా విడిగా దొరుకుతూనే ఉన్నాయి. పడకగదిలోనే బస్తాలు పేర్చుకునే ఇళ్లలో, తలుపులు మూసుకుని నిద్రపోయిన కుటుంబాలు ఆ వాయువుకు బలైన వార్తలు చదువుతూనే ఉన్నాం. ఆత్మహత్యలకూ ఇవి చేతికందే విషమయ్యాయి. ఫాస్ఫీన్‌కు విరుగుడు మందు లేదు. పది కిలోల మినుములు కాపాడుకోవడానికి ఇంత విషం ఇంట్లో పెట్టుకోవాల్సిన అవసరం ఏ రైతుకూ లేదు. నూనెల అసలు విలువ ఇక్కడే ఉంది. గోదాములో గోళీకి ప్రత్యామ్నాయం కాలేకపోయినా, ఇంట్లోంచి గోళీని బయటికి పంపే శక్తి వాటికి ఉంది.

ఇతర దేశాలు పట్టిన దారి

పశ్చిమ ఆఫ్రికా అనుభవం మనకు బాగా దగ్గరిది. అలసందలను పాడుచేసేది మన మినుములకు పట్టే పుచ్చు పురుగు కుటుంబానిదే. కామెరూన్‌లో 1980ల చివర పర్డ్యూ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు స్థానికులతో కలిసి బూడిద, నూనె, ఎండ వేడి అన్నీ పరీక్షించారు. చివరికి వాళ్లు విస్తరించింది మూడు పొరల సంచిని: బయట మామూలు నేత సంచి, లోపల రెండు మందపాటి ప్లాస్టిక్ సంచులు. గింజలు నింపి మూతి బిగించి కడితే లోపలి పురుగులే ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకుని, తినడం మానేసి, ఒంట్లో తడి ఆరి చనిపోతాయి. గుడ్డు గింజ పైన ఉందా, లోపల ఉందా అన్న తేడా ఇక్కడ లేదు కాబట్టి ముక్కు పురుగు మీదా పనిచేస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసిన గాలి చొరని సంచీ ఇదే సూత్రం మీద నడుస్తుంది. ఆఫ్రికాలో మూడు పొరల సంచి నిలబడటానికి కారణం ఉచిత పంపిణీ కాదు. ఊరి అంగడిలో సంచి ఎప్పుడూ దొరికేలా అమ్మకందారులను తయారుచేశారు, ఊరి నడుమ సంచులు కట్టి నెలల తర్వాత అందరి ముందూ విప్పి చూపించారు.

ఆస్ట్రేలియా గోదాముల దారి పట్టింది. మందు మారిస్తే సరిపోదని గ్రహించి, గాదె ఎంత గాలి బిగువుగా ఉండాలో జాతీయ ప్రమాణంగా రాసుకుంది. దేశమంతటా పురుగుల నమూనాలు తీసి నిరోధకతను ఏటా లెక్కిస్తోంది. ఐరోపాలో 2019లో బంగాళాదుంపలు మొలకెత్తకుండా వాడే క్లోర్‌ప్రోఫామ్ రసాయనానికి అనుమతి రద్దయినప్పుడు, దాని స్థానంలోకి పుదీనా, నారింజ తైలాలు వచ్చాయి. సుగంధ తైలం పెద్ద గిడ్డంగిలో నెగ్గిన ఉదాహరణ అది. అయితే ఆ గిడ్డంగులు మూసి ఉంటాయి, చల్లగా ఉంటాయి. రేకుల పైకప్పు కింద గోనె బస్తాలు పేర్చిన మన గోదాములో ఆ తైలం సాయంత్రానికి మిగలదు. అమెరికా 1996లో ఆముదం, నువ్వులనూనె, లవంగ తైలం వంటి కొన్ని పదార్థాలను అతి తక్కువ ముప్పు గలవిగా గుర్తించి, కలిపినవన్నీ సీసా మీద రాస్తే చాలు, పురుగుమందుగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదంది. మన 1968 నాటి పురుగుమందుల చట్టంలో అలాంటి వెసులుబాటు లేదు. ఒక మహిళా సంఘం ఆముదం పట్టించిన పప్పు అమ్ముకోవచ్చు. విత్తనాన్ని పురుగు నుంచి కాపాడే నూనె అని ముద్ర వేసి సీసా అమ్మాలంటే మాత్రం ఫరీదాబాద్‌లోని రిజిస్ట్రేషన్ కమిటీ గడప తొక్కాలి, విషప్రభావ పరీక్షల ఖర్చు భరించాలి. వేప ఉత్పత్తులకు ఉన్నపాటి సడలింపు ఆముదం, కానుగలకూ, విత్తన నిల్వ వరకైనా ఇవ్వడంలో అభ్యంతరం ఏముంటుంది? నాణ్యతకు ప్రమాణం రాసి, తినే గింజకు వాడరాని వాటిని విడిగా పేర్కొంటే సరిపోతుంది. ప్రమాణం లేకుండా తలుపులు తెరిస్తే నకిలీ వేపనూనెలు వెల్లువెత్తుతాయన్న నియంత్రణ అధికారుల భయం నిరాధారం కాదు. దానికి మందు ప్రమాణమే.

కేంద్రం 2023లో సహకార రంగంలో 7 కోట్ల టన్నుల కొత్త నిల్వ సామర్థ్యాన్ని నిర్మించే పథకానికి ఆమోదం తెలిపింది. తొలి విడత గోదాములు కట్టిన రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. ఈ నిర్మాణాల నిబంధనల్లో గాలి బిగువు పరీక్షను ఇప్పుడే చేర్చాలి. కట్టిన తర్వాత సందులు పూడ్చడం రెట్టింపు ఖర్చు. మూతబడే గోదాము ఉంటేనే ఫాస్ఫీన్ తన పని పూర్తిగా చేస్తుంది, రేపు మరో వాయువో, తైలమో వచ్చినా అక్కడే పనికొస్తుంది. హాపూర్‌లోని ధాన్య నిల్వ పరిశోధన సంస్థ, దాని హైదరాబాద్ కేంద్రం, బాపట్లలోని కోతానంతర సాంకేతిక కేంద్రం కలిసి రెండు తెలుగు రాష్ట్రాల గోదాముల నుంచి ఏటా పురుగుల నమూనాలు తీసి, ఏ జిల్లాలో ఏ పురుగు గోళీకి లొంగడం లేదో బహిరంగంగా ప్రకటించాలి.

రైతు వైపు చేయాల్సింది ఇంతకన్నా చౌక. మినుము, పెసర, కంది విత్తనం ఇంట్లో దాచుకునే రైతుకు కోత అయిన వారంలోపే నూనె పట్టించమని చెప్పాలి, ఎందుకంటే అప్పటికే గింజలోకి దిగిన పిల్లను ఏ నూనే చంపలేదు. ముందుగా నల్లటి పట్టా మీద గింజలను పలుచగా పరచి, పైన పారదర్శక ప్లాస్టిక్ కప్పి, మండుటెండలో ఉంచితే లోపలి పిల్లలు ఆ వేడికి చస్తాయి. మొలక దెబ్బతినకుండా ఎంతసేపు ఉంచాలో రైతు సేవా కేంద్రాల సిబ్బంది, వ్యవసాయ విస్తరణాధికారులు దగ్గరుండి చూపాలి. టార్పాలిన్లకు ఇచ్చే రాయితీని గాలి చొరని సంచులకూ వర్తింపజేయాలి. వసతి గృహాలకూ, అంగన్‌వాడీలకూ వానాకాలం నాలుగు నెలలు నెలకొకసారి కాకుండా పదిహేను రోజులకోసారి సరుకు పంపి, ప్రతి బస్తా మీద మర ఆడిన తేదీ ముద్రించాలి. పురుగు కనపడినప్పుడు విచారణాధికారి మొదట చదవాల్సింది ఆ తేదీనే.